అవ్వ ముగ్గుల నోటుబుక్కు: గీతల మధ్య గళ్లు విడదీసే పని, నా డైరీ

డిసెంబరు 2

పాకాల పక్కన ఊళ్లో ఇంటికి తాళం వేసి అవ్వను తిరుపతికి, మా దగ్గరికి తెచ్చుకుని మూడు వారాలైంది. ఆమె బట్టల సంచి సర్దుతుంటే అడుగున ఒక లాంగ్ నోటుబుక్కు కనిపించింది. అట్ట ఎప్పుడో ఊడిపోతే గోనె దారంతో కుట్టుకుంది. 94 పేజీలు, ప్రతి పేజీలోనూ ముగ్గే. కొన్ని పెన్సిలుతో, కొన్ని నల్ల పెన్నుతో, ఎక్కువ భాగం నీలం పెన్నుతో. పెళ్లైన కొత్తలో మొదలుపెట్టి చుట్టాల ఇళ్ల ముందు చూసినవి, పేపర్లలో వచ్చినవి, పక్కింటివాళ్లు నేర్పినవి ఎక్కించుకుంటూ వచ్చిందట. ఇప్పుడు మోకాళ్ల నొప్పితో వంగి ముగ్గు వేయలేదు, కానీ ఆ పుస్తకం మాత్రం రోజూ ఒకసారి ఒళ్లో పెట్టుకుని తిరగేస్తుంది.

నేను అనుకున్నది ఇది. ప్రతి ముగ్గునీ ఫొటో తీసి, కోడ్‌తో గీతల్ని ఒక పొరగా, చుక్కల్ని ఒక పొరగా, గీతల మధ్య మూసుకుని ఉన్న ప్రతి గడినీ విడిగా బయటికి తీయాలి. అలా తీస్తే స్క్రీన్ మీద ఏ గడిని తాకితే ఆ గడికి రంగు నింపొచ్చు, సంక్రాంతి సెలవుల్లో మా వీధి పిల్లలకు ప్రింటు తీసి ఇవ్వొచ్చు. వీధిలో పండక్కి ముగ్గు వేయబోయే అమ్మాయిలకు చుక్కలతో సహా నమూనా ఇవ్వొచ్చు.

ఒక మంచి సంగతి ఇవాళే గమనించాను. ప్రతి ముగ్గు కింద అవ్వ ఒక లైను రాసింది: "15 చుక్కలు, 8 వచ్చే వరకు సందు చుక్క". అంటే మధ్య వరుసలో 15, దానికి పైన 14, 13 అలా 8 దాకా, కింద కూడా అంతే. లెక్క వేస్తే 15 కి రెండు వైపులా 77 చొప్పున కలిపి 169 చుక్కలు. నా ప్రోగ్రాం సరిగ్గా పనిచేస్తోందో లేదో చెప్పడానికి ఇంతకంటే మంచి జవాబు పత్రం దొరకదు. ఆమె రాసి పెట్టిన ఆ ఒక్క లైనే ఈ ప్రాజెక్టు మొత్తానికి ఆధారం అని ఇవాళే రాసి పెట్టుకుంటున్నాను.

డిసెంబరు 4

ఫొటోలు మిద్దె మీద తీశాను. ఎండలో తీస్తే కాగితం మెరిసి పెన్ను గీత తెల్లబడిపోతోంది, ట్యూబ్‌లైటు కింద తీస్తే నా చేతి నీడ పడుతోంది. రెండు రోజులుగా మబ్బు పట్టి సన్నగా జల్లు పడుతోంది కాబట్టి నీళ్ల ట్యాంకు పక్కన రేకు కింద బల్ల వేసుకుని తీశాను, ఆ వెలుతురు చాలా సమంగా వచ్చింది. పేజీ నాలుగు మూలలు గుర్తించి వంకర సరిచేయడం ఓపెన్‌సీవీలో (బొమ్మల పనులకు రెడీమేడ్ ఫంక్షన్లున్న లైబ్రరీ) చిన్న పనే, దాని గురించి ఇక్కడ ఎక్కువ రాయను. సరిచేశాక ప్రతి పేజీ 2400 అడ్డం, 3200 నిలువు పిక్సెళ్లు.

రంగు నింపే ఫంక్షన్ ముందు నా చేతులతోనే రాయాలనుకున్నాను. లోపల ఏం జరుగుతుందో తెలియకుండా రెడీమేడ్ వాడితే తర్వాత తప్పు ఎక్కడుందో పట్టుకోలేం. ఫ్లడ్ ఫిల్ ఆలోచన తేలిక: ఒక పిక్సెల్ దగ్గర మొదలుపెట్టు, అది ఖాళీ అయితే రంగు వేయి, తర్వాత పైన, కింద, కుడి, ఎడమ పక్కవాటికి వెళ్లి అదే పని చేయి, గీత తగిలితే ఆగు. ఫంక్షన్ తనను తానే పిలుచుకునేలా రాస్తే నాలుగు లైన్లలో అయిపోతుంది. అయితే నేను కోడ్ రాసే పైథాన్ భాష అలా ఒకదానిలో ఒకటిగా మామూలుగా 1000 లోతు వరకే వెళ్లనిస్తుంది, నా పేజీలో 76 లక్షల పైచిలుకు పిక్సెళ్లున్నాయి. చిన్న రేకు ఒకటి నిండేలోపే ఎర్రర్. ఆ పరిమితి పెంచడం సరైన దారి కాదు, మెమరీ అయిపోయి ప్రోగ్రామే పడిపోతుంది. చూడాల్సిన పిక్సెళ్లను ఒక జాబితాలో వేసుకుంటూ ఒక్కొక్కటీ తీసి చూసేలా మార్చాను, పనిచేసింది, కానీ మామూలు పైథాన్ లూపులో పేజీ మొత్తం నింపడానికి చాలాసేపు పడుతోంది. అర్థమైంది కాబట్టి ఇక ఓపెన్‌సీవీ ఫ్లడ్ ఫిల్‌కు మారిపోయాను. కొత్తవాళ్లకు ఒక మాట: దానికి ఇచ్చే మాస్క్ (ఎక్కడ నింపకూడదో చెప్పే పొర) అసలు బొమ్మకంటే అడ్డం 2, నిలువు 2 పిక్సెళ్లు పెద్దగా ఉండాలి, లేదంటే ఒప్పుకోదు.

డిసెంబరు 7

గీత ఏది, కాగితం ఏది అని విడదీయడమే మూడు రోజులు తిన్నది.

మొదట ఒట్సు పద్ధతి పెట్టాను. 1979 నాటి పద్ధతి, ఇప్పటికీ అందరూ ముందు దాన్నే పెట్టి చూస్తారు. పేజీ మొత్తంలో ఏ వెలుగు ఎన్ని పిక్సెళ్లలో ఉందో లెక్కేసి, నలుపునీ తెలుపునీ బాగా విడదీసే ఒకే ఒక్క హద్దు తనే వెతుక్కుంటుంది. శుభ్రమైన పేజీకి చాలు. కానీ కుట్టు వైపు కాగితం లోపలికి వంగి మసకగా ఉంటుంది, అంచు వైపు తెల్లగా ఉంటుంది, కొన్ని పేజీల మీద నూనె మరకలున్నాయి. మొత్తానికి ఒకే హద్దు పెడితే కుట్టు వైపు అంతా నల్లగా ముద్దయిపోయింది. అందుకని చుట్టుపక్కల సగటునీ, అక్కడ తేడా ఎంత ఉందన్న దాన్నీ చూసి ప్రతి పిక్సెల్‌కీ విడిగా హద్దు కట్టే సౌవోలా పద్ధతికి మారాను, సైకిట్-ఇమేజ్ అనే ఇంకో లైబ్రరీలో ఉంది. పాత కాగితాలకు ఇదే సరైనదని నా అనుభవం. వెనక పేజీ సిరా ఇటు వైపు మసకగా కనపడేది కూడా దీంతోనే చాలావరకు పోయింది.

తర్వాత అసలు తలనొప్పి, రూళ్ల గీతలు. నోటుబుక్కులో నీలం రూళ్లుంటాయి కదా. నల్ల పెన్ను పేజీలకు ఉపాయం తేలిగ్గానే దొరికింది. ఫొటోలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు ఛానెళ్లుంటాయి, నీలం ఛానెల్ ఒక్కటే తీసుకుంటే నీలం రూళ్లు కాగితంలాగే తెల్లగా కనిపించి దాదాపు మాయమైపోతాయి, నల్ల గీత మాత్రం నల్లగానే ఉంటుంది. మార్జిన్ దగ్గర ఎర్ర గీత అదే ఛానెల్‌లో ఇంకా నల్లబడుతుంది, కానీ అవ్వ మార్జిన్ దాటి ఎక్కడా గీయలేదు కాబట్టి ఆ పక్క కత్తిరించేశాను. ఓపెన్‌సీవీ ఛానెళ్లను నీలంతో మొదలుపెడుతుంది, మిగతా చాలా లైబ్రరీలు ఎరుపుతో మొదలుపెడతాయి, ఇది మరిచిపోతే రూళ్లే ఇంకా గట్టిగా కనపడతాయి.

నీలం పెన్ను పేజీల్లో ఈ ఉపాయం పనికిరాదు. రూళ్లతో పాటు ముగ్గు కూడా మాయమైపోతుంది. అలాంటివి 60 పేజీల పైనే ఉన్నాయి.

డిసెంబరు 10

నీలం పెన్ను పేజీలకు, అడ్డంగా బాగా పొడుగున్న గీతల్ని మాత్రమే వెతికి చెరిపేశాను. 120 పిక్సెళ్ల పొడవు, ఒక పిక్సెల్ ఎత్తు ఉన్న పట్టీతో ఓపెనింగ్ (ఆ పట్టీ పూర్తిగా పట్టని సిరానంతా తుడిచేసే పని) చేస్తే రూళ్లు మాత్రమే మిగులుతాయి, వాటిని అసలు బొమ్మలోంచి తీసేస్తే సరి అనుకున్నాను. తర్వాత చుక్కలు లెక్కపెట్టించాను. చుక్క గీతకంటే లావు, గీత 5, 6 పిక్సెళ్లుంటే చుక్క 11, 12 ఉంటుంది, కాబట్టి గీతకంటే కాస్త పెద్ద గుండ్రటి ముద్రతో ఓపెనింగ్ చేస్తే గీతలన్నీ పోయి చుక్కలే నిలుస్తాయి.

169 రావాలి. 158 వచ్చాయి.

పోయిన 11 చుక్కలు ఎక్కడెక్కడివో ఎర్ర వలయాలు పెట్టి చూస్తే అన్నీ రూళ్ల మీదే ఉన్నాయి. అవ్వను అడిగాను, "రూళ్ల మీద పెడితే వరస వంకర పోదు గదా అమ్మణ్ణీ, అందుకే ఆడనే పెడతా" అంది. చుక్కలు వరుసగా రావడానికి ఆమె రూళ్లనే దారంలా వాడుకుంది, నేనేమో రూళ్లతో పాటు చుక్క నడుమునే చెరిపేస్తున్నాను. నడుము పోయిన చుక్క పైముక్క ఒకటి, కిందిముక్క ఒకటిగా మిగిలి, చిన్నవి కాబట్టి మచ్చలనుకుని తీసేస్తోంది ప్రోగ్రాం.

ముద్రించిన సంగీతం కాగితాల నుంచి స్వరాల్ని చదివే ప్రోగ్రాములు అడ్డగీతల్ని తీసేయడానికి వాడే పద్ధతి ఒకటుంది, అదే ఇక్కడ పనికొచ్చింది. రూలు గీత ఏ ఎత్తులో ఉందో ముందు కనుక్కో. తర్వాత దాని వెంట ఒక్కో నిలువు వరుసలోకి వెళ్లి, అక్కడ సిరా పై నుంచి కిందికి ఎన్ని పిక్సెళ్ల మందం ఉందో చూడు. 4 కి లోపు ఉంటే అది ఉత్త రూలు, చెరిపెయ్. అంతకంటే మందంగా ఉంటే అక్కడ రూలు మీదుగా అవ్వ పెన్ను పోయిందని అర్థం, ముట్టుకోకు. ఈ చిన్న నియమంతో చుక్కలు చెక్కు చెదరకుండా నిలిచాయి, రూలు మీదనే గీసిన అడ్డగీతలు కూడా మిగిలాయి.

ఈసారి 171. రెండు ఎక్కువ. ఒకటి పెన్ను కారిన మచ్చ, ఇంకోటి "15 చుక్కలు" అని రాసిన లైనులో "సందు" అన్న మాటలోని సున్న. రాతను విడిగా కత్తిరించి పక్కన పెట్టాను, మచ్చను మాత్రం చుక్కల వరుసల మధ్య దూరం చూసి తీయించాను, ఏ వరుసకూ చెందని చుక్క చుక్క కాదు. 169. రాత్రి పదకొండయింది, అవ్వ నిద్రపోయింది కాబట్టి పొద్దున చెప్పాను. "మరి అంతే గదా ఉండేది" అంది.

డిసెంబరు 14

ఇవాళ్టి సంగతి కాస్త వివరంగా రాస్తాను, ఈ ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన భాగం ఇదే.

గళ్లు విడదీయడానికి నా దారి ఇది. బొమ్మ చుట్టూ ఒక పిక్సెల్ తెల్ల అంచు చేర్చి, మూల నుంచి రంగు పోస్తాను. అది ముగ్గు బయట అంతా నిండుతుంది. అంచు ఎందుకంటే ముగ్గు పేజీ అంచును తాకినచోట బయటి ఖాళీ ముక్కలైపోకూడదు. బయట నిండాక, గీత కానిదీ రంగు తగలనిదీ ఏదైనా అది లోపలి గడి. ఆ గళ్లకు ఒక్కోదానికి ఒక నంబరు ఇవ్వడమే తరువాయి.

తామరపువ్వుల ముగ్గు పెట్టి నడిపితే నాలుగు పూలలో రెండు పూలు పూర్తిగా మాయం. బయట పోసిన రంగు ఎక్కడో సందు చూసుకుని లోపలికి వచ్చేసింది. కంటికి ఆ ముగ్గు అంతా మూసుకునే ఉంది. ఎనిమిది రెట్లు పెద్దది చేసి చూస్తే రేకు కొన వచ్చి చుక్కను తాకాల్సినచోట మూడు పిక్సెళ్ల ఎడం ఉంది. కాగితం మీద వెంట్రుకంత, అంతే. కాలువ గట్టుకు ఎలుక బొక్క చాలన్నట్టు ఆ మూడు పిక్సెళ్లలోంచి పువ్వు పువ్వంతా నిండిపోయింది.

అందరూ చేసేదే నేనూ చేశాను, మార్ఫలాజికల్ క్లోజింగ్. గీతల్ని కొంచెం ఉబ్బించి మళ్లీ అంతే తగ్గిస్తే చిన్న సందులు పూడిపోతాయి. 3 పిక్సెళ్ల సందు పూడింది. కానీ పేజీలో 14 పిక్సెళ్ల సందులు కూడా ఉన్నాయి, అవి పూడేంత పెద్దగా పెడితే లతల చివర చుట్లు, నెమలి తల మీద కుచ్చు, రేకుల మధ్య సన్నటి సందులు అన్నీ ముద్దకట్టుకుపోయాయి. అవ్వకు చూపించాను, "ఇదేంది, పిండి నీళ్లలో తడిసినట్టుంది" అంది. ఆ మాట నాకు బాగా తగిలింది, ఎందుకంటే నిజంగా అలాగే ఉంది.

క్లోజింగ్ ఎక్కడ సందు ఉందో చూడదు, అన్ని చోట్లా ఒకేలా పూస్తుంది. సందు ఉన్నచోట మాత్రమే పూడ్చాలంటే ముందు సందు ఎక్కడుందో తెలియాలి. దానికి రెండు పనులు చేశాను. మొదటిది, గోలీ దొర్లించడం. ఖాళీలో ఒక గుండ్రటి బంతి దొర్లుతోందనుకోండి, గీతల్ని దాటలేదు, తన కంటే సన్నటి సందులో దూరలేదు. పిక్సెల్ సైజు రంగు దూరిన గడిలోకి 15 పిక్సెళ్ల బంతి దూరలేకపోతే ఆ రెండింటి మధ్యే ఎక్కడో ఇరుకు దారి ఉందన్నమాట. రెండోది, గీతల్ని ఒక పిక్సెల్ సన్నానికి చిక్కించి, ఒకే ఒక్క పొరుగు ఉన్న పిక్సెళ్లను వెతకడం, అవే గీత ఆగిపోయిన కొనలు. ఒక్కో కొన దగ్గర పది పిక్సెళ్లు వెనక్కి నడిచి గీత ఏ దిక్కుకు పోతోందో చూసి, అదే దిక్కులో 25 పిక్సెళ్ల లోపు ఇంకో కొనో గీతో చుక్కో తగిలితే అక్కడ ఒక గుర్తు పెడతాను. అదీ బంతి చెప్పిన ఇరుకు దగ్గరే ఉంటేనే.

తామరపువ్వుల ముగ్గులో 9 గుర్తులు వచ్చాయి. వాటిని నేనే పూడ్చేయకుండా అవ్వ ముందు ల్యాప్‌టాప్ పెట్టి ఒక్కొక్కటీ పెద్దది చేసి అడిగాను, ఇది కలపాలా వద్దా అని. ఆమె కళ్లద్దాలు సర్దుకుని దగ్గరగా చూసింది. మొదటిదానికి "కలపాల", రెండోదానికి "కలపాల", ఐదోదాని దగ్గర ఆగింది. "ఈడ చెయ్యి ఎత్తినా. పెన్ను ఆడిపోయింటాది, విదిలించి మళ్లా పెట్టినా" అంది. స్క్రీన్ మీద చూస్తే నిజంగానే ఆ సందుకు ఇటు గీత పలుచగా అరిగినట్టు ఆగింది, అటు గీత చిక్కగా, చిన్న సిరా బొట్టుతో మొదలైంది. నేను దాన్ని ఒక ఎర్రర్‌లా చూస్తున్నాను, ఆమెకు ఆ పెన్ను, ఆ రోజు గుర్తొచ్చాయి. ఎనిమిదోదానికి "ఒద్దు, అది తీగ కొస, అట్నే ఇడిచిపెట్టు" అంది. 9 లో 8 కలపాలి, ఒకటి వద్దు.

రంగు కారిన ప్రతిచోటా ఆమె చెయ్యి ఎత్తిన చోటు ఉంది. ఇకనుంచి ప్రతి పేజీకీ ఇదే పద్ధతి: ప్రోగ్రాం చూపిస్తుంది, అవ్వ చెబుతుంది. నేనొక్కదాన్నే కూర్చుని చేస్తే తొందరగా అవుతుంది, కానీ తీగ కొసనీ తెగిన గీతనీ నేను విడదీయలేను.

డిసెంబరు 17

ధనుర్మాసం వచ్చింది. కొండ మీద సుప్రభాతం బదులు తిరుప్పావై మొదలైంది, అవ్వ తెల్లవారుజామునే టీవీ పెట్టుకుంటోంది, నేనూ ఆ టైముకే లేచి ఒక గంట పని చేసుకుంటున్నాను.

ఇవాళ దొరికిన తప్పు చిన్నది, పట్టుకోవడానికి మాత్రం రెండు రోజులు. సందులన్నీ పూడ్చాక కూడా సందు చుక్క ముగ్గుల్లో పక్కపక్క గళ్లు ఒకటైపోతున్నాయి, అదీ ఏటవాలు గీతల దగ్గరే. గీతను ఒక పిక్సెల్ సన్నానికి చిక్కించిన బొమ్మ మీద గళ్లకు నంబర్లిస్తున్నాను కదా, ఆ ఏటవాలు గీత లోపల ఇలా ఉంటుంది:

1 0 0 0
0 1 0 0
0 0 1 0
0 0 0 1

1 గీత, 0 ఖాళీ. పైన, కింద, కుడి, ఎడమ మాత్రమే పొరుగు అనుకుంటే కుడి పైన ఉన్న సున్నలు ఎడమ కింద ఉన్న సున్నల్ని చేరలేవు. మూలలు కూడా పొరుగే అనుకుంటే రెండు ఒకట్ల మధ్య మూలలోంచి సున్న సున్నను తాకుతుంది, గీత ఉన్నా లేనట్టే. ఓపెన్‌సీవీలో ఫ్లడ్ ఫిల్ చెప్పకపోతే 4 పొరుగులే చూస్తుంది, గళ్లకు నంబర్లిచ్చే కనెక్టెడ్ కాంపోనెంట్స్ చెప్పకపోతే 8 చూస్తుంది. రెండూ ఒకే లైబ్రరీలో ఉన్నాయి కాబట్టి ఒకేలా ఉంటాయనుకోవడం నా పొరపాటు. గీతలకు 8, ఖాళీలకు 4, ఇది పట్టుకుంటే ఈ బాధ ఉండదు. అంతేకాదు, చిక్కించిన గీతను కొనలు వెతకడానికే వాడి, గళ్లు నింపేటప్పుడు అసలు మందం ఉన్న గీతనే వాడేలా కూడా మార్చాను.

డిసెంబరు 20

పుస్తకంలో పెద్ద ముగ్గు "21 చుక్కలు, 11 వచ్చే వరకు సందు చుక్క". 331 చుక్కలు ఉండాలి. ప్రోగ్రాం 255 అంది.

255 అనగానే సంగతి అర్థమైపోయింది. నంబర్లు వేసిన బొమ్మను 8 బిట్ల ఫైలుగా దాచాను, అందులో 0 నుంచి 255 వరకే పడతాయి. 256వ చుక్క 0 అయిపోయి కాగితంలో కలిసిపోయింది, 257వది 1 అయిపోయి మొదటి చుక్కతో కలిసింది, అలా 331 వరకు. ఎర్రర్ ఏమీ రాదు, పైథాన్‌లో అంకెల పట్టికలు చూసుకునే లైబ్రరీ నమ్‌పై ఏమీ అనకుండా మార్చేస్తుంది. ఇన్నాళ్లూ 169 లోపు ముగ్గులతో పని చేశాను కాబట్టి బయటపడలేదు. 16 బిట్లకు మార్చి, పీఎన్‌జీగా దాచాను. జేపెగ్‌లో ఎప్పుడూ దాచకూడదు, అది నంబర్ల అంచుల్లో లేని నంబర్లు పుట్టిస్తుంది. బొమ్మ సైజు తగ్గించేటప్పుడు కూడా నియరెస్ట్ (దగ్గరి పిక్సెల్ నంబరునే తీసుకో) అని చెప్పకపోతే 40కీ 80కీ మధ్య 60 అనే గడి పుట్టుకొస్తుంది.

331.

డిసెంబరు 25

మెలికల ముగ్గులకు వచ్చాను. ఇవి వేరే జాతి. గీత చుక్కల్ని కలపదు, వాటి చుట్టూ తిరుగుతుంది, ప్రతి చుక్క తన గడిలో తాను ఒంటరిగా ఉంటుంది. మన చిత్తూరు వైపు, అరవదేశం దగ్గర కాబట్టేమో, ఇవి ఎక్కువ వేస్తారు. అవ్వ పుస్తకంలో 17 ఉన్నాయి.

చుక్కల లెక్క ఇక్కడ తేలిక, ఎందుకంటే గీతకు తగలకుండా విడిగా ఉంటాయి. కానీ గళ్లన్నీ సరిగ్గా వచ్చాయా అని తెలుసుకోవడం ఎలా? కింద రాసిన లైను చుక్కల సంఖ్య చెబుతుందే కానీ గళ్ల సంఖ్య చెప్పదు. ఇక్కడ ఆయిలర్ సూత్రం పనికొచ్చింది. గీతలన్నీ ఒకదానికొకటి కలిసి ఉండి, ఎక్కడా తెగకుండా ఉంటే, గీత గీతను దాటే చోట్లు ఎన్నో లెక్కపెట్టి ఒకటి కలిపితే లోపలి గళ్ల సంఖ్య వస్తుంది. అంకె ఎనిమిది రాసి చూడండి, ఒకచోట దాటుతుంది, లోపల రెండు గళ్లు.

1, 3, 5, 3, 1 చుక్కల ముగ్గు తీసుకున్నాను. 13 చుక్కలు, పక్కపక్క చుక్కల మధ్యన ప్రతిచోటా గీతలు దాటుకుంటాయి, అలాంటివి 16. అంటే గళ్లు 17 ఉండాలి: చుక్కలున్నవి 13, నాలుగేసి చుక్కల నడుమ మిగిలే ఖాళీవి 4. నాకు 15 వచ్చాయి. కాబట్టి రెండు చోట్ల కారుతోందని, ఫొటో చూడకముందే తెలిసిపోయింది. వెతికితే రెండూ బయటి అంచులో దొరికాయి, పేజీ మడత పడి సిరా రాలిన చోట.

ఇందులో ఒక చిక్కుంది, చేసేవాళ్లు చూసుకోండి. లావుపాటి గీతలు దాటుకున్నచోట చిక్కిస్తే నాలుగు దారుల కూడలి ఒకటి రాదు, మూడేసి దారుల కూడళ్లు రెండు పక్కపక్కన వస్తాయి. వాటిని అలాగే లెక్కపెడితే 32 అంటుంది. 10 పిక్సెళ్ల లోపు ఉన్న జంటల్ని ఒకటిగా కలిపి లెక్కపెట్టాలి.

అవ్వ మెలికల ముగ్గు పేజీ మీద వేలుతో గీత వెంట పోతూ మొదలుపెట్టిన చోటికే వచ్చి చూపించింది. వేలు ఎక్కడా తడబడలేదు, పెన్ను పట్టుకుంటే వణికే చెయ్యి అదే.

డిసెంబరు 29

గళ్లను ఆకారాలుగా బయటికి తీయడం. ఒక్కో గడి అంచు ఫైండ్ కాంటూర్స్‌తో వస్తుంది. కొన్ని గళ్లలో మధ్యన చుక్కో చిన్న పువ్వో ఉంటుంది, అలాంటప్పుడు బయటి అంచు, లోపలి అంచు రెండూ జతగా కావాలి, రెండంతస్తుల క్రమం ఇచ్చే ఎంపిక పెడితే అలాగే ఇస్తుంది. అంచులో పిక్సెల్ మెట్లు ఎక్కువగా ఉంటే డగ్లస్-ప్యూకర్ పద్ధతిలో అనవసరమైన బిందువులు తీసేయొచ్చు, కానీ ముగ్గులకు అది జాగ్రత్తగా వాడాలి, కాస్త ఎక్కువైతే తామర రేకు వజ్రం ముక్కలా కోణాలు దేలుతుంది. చివరికి వంపులకు పోట్రేస్ అనే ప్రోగ్రాం వాడి ఎస్‌వీజీగా (ఎంత పెద్దది చేసినా గీత చెదరని బొమ్మ ఫైలు) తీశాను, ఆ వంపులు చేత్తో గీసినట్టే వచ్చాయి.

రంగు నింపి చూస్తే ప్రతి గడి చుట్టూ వెంట్రుకంత తెల్లటి చార. గీత అంచులో కాగితానికీ సిరాకీ మధ్య బూడిద రంగు పిక్సెళ్లుంటాయి, అవి అటూ ఇటూ కాకుండా మిగిలిపోతున్నాయి. గళ్లను 3 పిక్సెళ్ల మేర గీత కిందికి పెంచి, పైన సిరా పొర వేశాను. ఒక గడి ఇంకో గడి మీదికి ఎక్కకుండా పెంచే ఫంక్షన్ సైకిట్-ఇమేజ్‌లో ఉంది, ఎక్స్‌పాండ్ లేబుల్స్. చార పోయింది.

గాంధీ రోడ్డు దగ్గర జిరాక్స్ షాపులో 20 పేజీలు ప్రింటు తీయించాను. చుక్కలు లేత బూడిదలో, గీతలు నల్లగా. పక్కింటి పాపకు నాలుగు ఇస్తే సాయంత్రానికి మూడు నింపి తెచ్చింది, నాలుగోది చుక్కల పేజీ, దాన్ని బలపంతో నేల మీద వేయడానికి ప్రయత్నిస్తోంది.

జనవరి 4

79 పేజీలు అయ్యాయి. అవ్వా నేనూ రోజుకు ఆరేడు పేజీల సందులు చూస్తున్నాం. ఇవాళ రథం ముగ్గు వచ్చింది, కనుమ నాడు వేసేది.

గళ్ల లెక్కలో రథం కింది పీట మాయం. చూస్తే కింద నుంచి తాడు రెండు గీతలుగా బయలుదేరి పేజీ అంచు దాకా పోయి అలాగే తెరిచి ఆగింది. ఆ రెండు గీతల మధ్య నుంచి బయటి రంగు తాడు వెంట నడిచి పీటలోకి చేరింది. తాడు నోటి దగ్గర రెండు కొనల మధ్య 18 పిక్సెళ్లే, ప్రోగ్రాం దాన్ని చూపించలేదు ఎందుకంటే కొనలు రెండూ ఒకే దిక్కుకు చూస్తున్నాయి, ఎదురెదురుగా లేవు. పేజీ చివర్లో గీయడం ఆపేసినట్టుందనుకుని నేనే మౌస్‌తో ఒక అడ్డగీత గీసి మూసేశాను. పీట గడి వచ్చేసింది.

అవ్వ పక్కనే ఉంది. "అది ముయ్యగూడదు అమ్మణ్ణీ" అంది. ఎందుకవ్వా అంటే, "ఆ తాడు పక్కింటోళ్ల రథానికి పోతాది. వాళ్లది ఆ పక్కింటికి. వీధంతా ఒకే తాడు. మూసేస్తే మన రథం మనింటి ముందరనే నిలబడిపోతాది గదా" అంది.

అడ్డగీత చెరిపేశాను. కానీ పీటకు రంగు నింపాలంటే ఎక్కడో ఒకచోట గట్టు ఉండాల్సిందే. అందుకని రాత్రి కూర్చుని ఒక పొర కొత్తగా చేర్చాను. ఇప్పటిదాకా అవ్వ "కలపాల" అన్న పూడికలన్నీ సిరా పొర మీదే గీస్తున్నాను, ఇకనుంచి అవి విడి పొరలోకి పోతాయి. రంగు పోసేటప్పుడు ఫ్లడ్ ఫిల్‌కు సిరా, గట్టు రెండు పొరలూ కనిపిస్తాయి. ప్రింటులో సిరా ఒక్కటే వస్తుంది, ఆమె ఎక్కడ చెయ్యి ఎత్తిందో అక్కడ ఎత్తినట్టే. రథానికి గట్టును తాడు మొదట్లో, పీటను ఆనుకుని పెట్టాను, తాడు తెరిచే ఉంది. పాత 78 పేజీల పూడికల్ని కూడా సిరా నుంచి ఈ పొరలోకి మార్చడానికి స్క్రిప్టు నడుస్తోంది, ఇప్పటికి 31 అయ్యాయి.

మా వీధిలో మాకు అటు ఆరిళ్లు, ఇటు నాలుగిళ్లు. రథం పేజీ పదకొండు కాపీలు తీయించాలి, తాడు ఒక కాగితం అంచు నుంచి పక్క కాగితం అంచుకు సరిగ్గా అందేలా ఎత్తు కొలిచి పెట్టాను.